పాత ఫైబర్ బోటు కొనేముందు: నీరు ఎక్కడ చేరిందో చూడండి

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజుల పాటు, సముద్రంలో వేట నిషేధం అమల్లో ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద మరబోట్లతో పాటు ఇంజన్ బిగించిన చిన్న ఫైబర్ బోట్లకు కూడా ఈ నిషేధం వర్తిస్తుంది కాబట్టి ఆ రెండు నెలలూ అవి ఒడ్డునే ఉంటాయి. వలలు బాగుచేసుకోవడం, అడుగు గీకించడం, రంగులు వేయించడం, ఇంజన్లు విప్పించడం అన్నీ అప్పుడే జరుగుతాయి. బోటు అమ్మదలచినవారు బేరం పెట్టడానికీ అదే అనువైన కాలం. కొనేవారికి ఇందులో ఒక లాభమూ ఒక చిక్కూ ఉన్నాయి. బోటు అడుగుభాగాన్ని నిదానంగా, ఈ చివర నుంచి ఆ చివర వరకు చూడగలిగే అవకాశం అప్పుడు దొరుకుతుంది. అయితే ఆ అడుగుకు అప్పటికే కొత్త రంగు పడి ఉంటుంది, ఇంజన్‌ను బరువుతో నడిపి చూసే వీలు మాత్రం దొరకదు.

అయినా కొనడానికి వచ్చినవారి చూపు ముందుగా ఇంజన్ మీదకే వెళ్తుంది. కంపెనీ ఏది, ఎన్ని హార్స్ పవర్, ఎన్నేళ్ళు వాడారు అన్న ప్రశ్నలతో మొదలై అక్కడే బేరం కుదిరిపోతుంది. ఈ వరుస తప్పని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇంజన్ విప్పదగిన వస్తువు. పాడైతే భాగాలు మార్చవచ్చు, మొత్తం తీసేసి మరొకటి బిగించవచ్చు. ఫైబర్ పొరల మధ్యలోకి, వాటి లోపల మూసివేసిన చెక్కలోకి, తేలడానికి నింపిన ఫోమ్‌లోకి చేరిన నీటిని తీయడం మాత్రం అంత తేలిక కాదు, ఒక్కోసారి సాధ్యమే కాదు. పాత బోటులోని లోపాలను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే, దాదాపు అన్నిటి వెనుకా ఉన్నది ఒకటే: నీరు తాను ఉండకూడని చోటికి చేరి అక్కడే నిలిచిపోవడం. పరీక్ష అంటే ఆ చోట్లను వెతకడమే.

బోటు ఎక్కడ బతికింది

మన తీరంలో ఒకప్పటి కర్ర తెప్పలు, చెక్క నావల స్థానంలోకి ఫైబర్ రావడానికి 1979లో మొదలైన బంగాళాఖాత కార్యక్రమం కొంత దారి వేసింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రంగా నడిపిన ఆ కార్యక్రమంలో, కెరటాలను దాటి ఇసుక ఒడ్డుకు చేరగల పడవల నమూనాలను 1980లలో ఈ తీరంలో పరీక్షించారు. నేడు మనకు కనబడే చిన్న మోటారు బోటు సాధారణంగా గాజునార చాపలను పాలియెస్టర్ రెసిన్‌తో తడుపుతూ, పొర మీద పొర పేర్చి, పైన జెల్‌కోట్ అనే నున్నని పూతతో తయారైనది.

ఒకే అచ్చులో పోసిన రెండు బోట్లు పదేళ్ళ తర్వాత ఒకేలా ఉండవు, ఎందుకంటే అవి బతికిన తీరు వేరు. కళింగపట్నం, పూడిమడక వంటి చోట్ల బోటును ప్రతి వేట తర్వాత ఇసుక మీదికి లాగుతారు. కాకినాడ జగన్నాథపురం ఉప్పుటేరు వంటి చోట బోటు నెలల తరబడి నీటిలోనే కట్టి ఉంటుంది. మొదటిదానికి ఒరిపిడి జబ్బు, రెండోదానికి నాను జబ్బు. కాబట్టి బోటు ఏ ఊరిదో, అక్కడ దాన్ని ఎలా నిలిపేవారో మొదటే అడగాలి. దేని కోసం వెతకాలో ఆ జవాబు చెబుతుంది.

ఇసుక మీద లాగిన బోటుకు అడుగు మధ్యన పొడవునా సాగే వెన్నుగట్టు, వెనుక అంచు మూలలు ముందుగా అరుగుతాయి. జెల్‌కోట్ పోయి లోపలి గాజునార బయటపడితే, ఆ పోగుల వెంట నీరు పొరల మధ్యకు పాకుతుంది. అమ్మకానికి ముందు అక్కడ పుట్టీ పెట్టి రంగు వేయడం మామూలే. వేలిగోటితో నొక్కితే పుట్టీకీ గట్టి ఫైబర్‌కూ తేడా తెలియకపోవచ్చు, కానీ తట్టి వింటే తెలుస్తుంది. ఒక రూపాయి నాణేన్నో, చిన్న ప్లాస్టిక్ సుత్తినో తీసుకుని అడుగంతా జానెడు జానెడు దూరంలో తట్టుతూ పోవాలి. పొరలు గట్టిగా అతుక్కున్న చోట స్ఫుటమైన, పొడి శబ్దం వస్తుంది. పొరలు విడిపోయిన చోట, పుట్టీ మందంగా ఉన్న చోట, వెనుక చెక్క నానిన చోట శబ్దం మొద్దుబారుతుంది. ఒకచోట మొద్దు శబ్దం వచ్చినంత మాత్రాన కంగారు పడనవసరం లేదు, లోపలి వైపు అక్కడ అడ్డకట్టు గాని ఫోమ్ గాని ఉండవచ్చు. అదే చోటుకు ఎదురుగా రెండో పక్కన కూడా తట్టి చూడాలి. రెండు పక్కలా ఒకే రకమైన శబ్దం ఉంటే అది నిర్మాణం. ఒక పక్కనే ఉంటే అది లోపం. శబ్దం మారిన అంచు వెంట సుద్దముక్కతో గీత గీస్తూ పోతే, చివరికి ఆ మచ్చ ఎంత పెద్దదో అమ్మేవారికీ కొనేవారికీ ఒకేసారి కనబడుతుంది, దాని మీద వాదించవలసిన పని ఉండదు.

నీటిలోనే నానిన బోటుకు వచ్చేది పొక్కుల బాధ. జెల్‌కోట్ గాని, పాలియెస్టర్ రెసిన్ గాని నీటిని పూర్తిగా ఆపలేవు. ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా నీటి అణువులు లోపలికి పోతూనే ఉంటాయి. రెసిన్‌లో పూర్తిగా గట్టిపడకుండా మిగిలిపోయిన పదార్థాలు ఆ నీటిలో కరిగి చిక్కటి ద్రవమవుతాయి, ఆ చిక్కదనమే మరింత నీటిని బయటి నుంచి లోపలికి లాగుతుంది, ఒత్తిడి పెరిగి జెల్‌కోట్ బుడిపెలా లేస్తుంది. అలాంటి పొక్కును గుచ్చితే వచ్చే ద్రవం పుల్లటి వెనిగర్ వాసన వేస్తుంది; ఒత్తిడితో చిమ్మే అవకాశం ఉన్నందున కళ్ళకు దూరంగా ఉంచుకోవాలి. అక్కడక్కడా ఉన్న చిన్న పొక్కులు బోటును ముంచవు, వాటిని చూపి ధర తగ్గించమంటే సరిపోతుంది. అడుగంతా దట్టంగా ఉన్నా, గుచ్చిన చోట లోపలి నార మెత్తబడి పీచుగా ఊడివస్తున్నా మాత్రం అది గీకి, నెలల పాటు ఆరబెట్టి, తిరిగి పొరలు వేయవలసిన పని. ఇక్కడొక మెలిక ఉంది. బోటును ఒడ్డున కొన్ని వారాలు ఎండలో ఉంచితే పొక్కులు కుంగి కనబడకుండా పోవచ్చు. నిషేధకాలం చివర్లో నున్నగా కనిపించిన అడుగు, ఒడ్డెక్కించిన మొదటి రోజున అలాగే ఉండేదని చెప్పలేము. అందుకే వీలైతే బోటును ఒడ్డుకు లాగిన వారంలోపే చూడటం మంచిది.

పగుళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే అన్ని పగుళ్ళూ ఒకటి కావు. ఎండకు జెల్‌కోట్ వెలిసి సుద్దలా చేతికి అంటడం కేవలం అందానికి సంబంధించిన విషయం. ఒక బిందువు నుంచి నక్షత్రంలా నలుదిక్కులా విచ్చుకున్న పగులు అక్కడ దెబ్బ తగిలిందని చెబుతుంది. సమాంతరంగా, గీతలు గీసినట్లు వరుసగా ఉన్న పగుళ్ళు అక్కడ బోటు మాటిమాటికీ వంగుతోందని చెబుతాయి, ఇవే ఎక్కువ ప్రమాదం. పగులు పైపూతలోనే ఆగిందా, పొరల్లోకి దిగిందా అని తెలుసుకోవడానికి దానికి సరిగ్గా వెనుక, లోపలివైపు చూడాలి. రంగు వేయని ఫైబర్ అయితే అక్కడ తెల్లగా పాలిపోయిన మచ్చ కనబడుతుంది. గాజునారకూ రెసిన్‌కూ పట్టు వదిలినప్పుడు ఏర్పడే మచ్చ అది. లోపలంతా పాతరంగుతో ఉండి, ఒక్క చోట మాత్రం కొత్తగా రంగు పడి ఉంటే, ఎందుకో అడగండి. మరమ్మతు చేసి ఉండటం తప్పేమీ కాదు. అంచులు వాలుగా గీకి, పాత పొరల మీద వెడల్పుగా కొత్త పొరలు వేసిన మరమ్మతు మూల నిర్మాణానికి దాదాపు సాటి వస్తుంది. మరమ్మతు జరిగిందని ఒప్పుకుని, చేసిన మేస్త్రి ఎవరో చెప్పే యజమాని మాట నాకు నమ్మదగినదిగా కనిపిస్తుంది.

వెనుక పలక

ఔట్‌బోర్డ్ ఇంజన్ వేలాడే వెనుక పలకను బోటు అంతటిలోనూ అత్యంత ముఖ్యమైన చోటుగా భావించాలి. ఇంజన్ బరువంతా దాని మీదే ఉంటుంది. అంతకంటే ముఖ్యంగా, ఇంజన్ బోటును ముందుకు నెట్టే తోపు కూడా ఆ పలక ద్వారానే బోటుకు చేరుతుంది. దానికి దృఢత్వం ఇవ్వడానికి చాలా బోట్లలో రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ పెడతారు. ఐఎస్ 710 ప్రమాణం ఉన్న మెరైన్ ప్లైవుడ్ పెట్టారా, చౌకరకం పలక పెట్టారా అన్నది బయటికి కనబడదు. ఏ రకమైనా సరే, ఇంజన్ బోల్టుల రంధ్రాలు, నీరు బయటికి పోవడానికి పెట్టిన గొట్టం రంధ్రం, ఎవరో ఎప్పుడో దేనికోసమో కొట్టి వదిలేసిన స్క్రూ రంధ్రం, ఇవన్నీ చెక్కలోకి తెరిచిన కిటికీలు. వాటిని సీలెంట్‌తో మూయకపోతే నీరు లోపలికి దిగి, గాలి ఆడక, ఎప్పటికీ ఆరక, చెక్క నలుపెక్కి పిండి అవుతుంది. బయటి ఫైబర్ పెంకు మాత్రం చెక్కుచెదరకుండా మెరుస్తూనే ఉంటుంది.

దీన్ని పరీక్షించడానికి పరికరాలు అక్కరలేదు. ఇంజన్‌ను పైకి వాల్చి, దాని కాలు (ప్రొపెల్లర్ ఉండే కింది భాగం) చివర పట్టుకుని ఒక మనిషి బరువుతో కిందికీ పైకీ ఊపాలి. అదే సమయంలో మరొకరు పలక పైఅంచును, అది పక్కగోడలతో కలిసే మూలలను గమనించాలి. పలక వంగినా, మూలల్లో సన్నని పగులు తెరుచుకుని మూసుకుంటున్నా, బోల్టు చుట్టూ నీటిచెమ్మ ఊరినా ఆ పలక పని అయిపోయినట్లే. తర్వాత బోల్టుల కింద వాషర్లను చూడాలి. అవి ఫైబర్‌లోకి దిగబడి ఉంటే, లోపలి చెక్క మెత్తబడినందువల్ల ప్రతి సారీ బిగించినప్పుడల్లా కాస్త కాస్త లోపలికి పోయాయని అర్థం. యజమాని ఒప్పుకుంటే పలక అడుగుభాగంలో ఉన్న ఒక స్క్రూను విప్పించండి. పొడిగా, లేత రంగు చెక్కపొట్టుతో వస్తే సంతోషం. తడిగా, ముదురు గోధుమరంగు ముద్దతో, పుట్టగొడుగుల వాసనతో వస్తే ఇక తక్కిన పరీక్షలు అనవసరం. అమ్మే మనిషి ఒక్క స్క్రూ విప్పడానికి కూడా ఒప్పుకోకపోతే అదీ ఒక జవాబే.

కుళ్ళిన పలకను మార్చడమంటే లోపలి పెంకును కోసి, చెక్క మొత్తాన్ని తవ్వి తీసి, కొత్త ప్లై బిగించి, మళ్ళీ పొరలు వేసి పక్కగోడలకు కలపడం. మంచి ఫైబర్ మేస్త్రి దొరికితే అయ్యే పనే. కానీ పలక కుళ్ళిన బోటులో అడుగున నిలువుగా, అడ్డంగా పెట్టిన చెక్క కట్టెలు కూడా అదే నీటిని తాగి ఉంటాయి. అటువంటి బోటును నేనైతే ఇంజన్ ధరకు మించి పైసా ఎక్కువ పెట్టి కొనను.

తేలడం కోసం గదుల్లో నింపిన ఫోమ్ గురించి అడిగేవారు తక్కువ. పాలీయురేథేన్ ఫోమ్ కొత్తలో నీటిని పీల్చదు. ఏళ్ళు గడిచి దాని గడుల గోడలు చితికాక స్పాంజిలా నీటిని పట్టి ఉంచుతుంది. లీటరు నీరు కిలో బరువు కాబట్టి 200 లీటర్లు తాగిన బోటు, ముగ్గురు మనుషులను ఎప్పుడూ ఉచితంగా మోస్తున్నట్లే లెక్క. ప్రమాదంలో తేలవలసిన వేళ ఆ ఫోమ్ పెద్దగా ఆదుకోదు కూడా. గది అడుగున చిన్న రంధ్రం చేయించి నీరు కారుతుందేమో చూడటం ఒక మార్గం. బోటు ట్రాక్టర్ ట్రాలీ మీద ఎలాగూ వస్తుంది గనుక, దారిలో వేబ్రిడ్జి మీద తూకం వేయించి ట్రాలీ బరువు తీసివేసి, ఆ నమూనాకు తయారీదారు చెప్పే బరువుతో పోల్చడం ఇంకో మార్గం. చీటీ చేతిలో ఉంటే బేరానికి పనికివస్తుంది.

ఇంజన్

ఇప్పుడు ఇంజన్ దగ్గరికి రావచ్చు. మన రేవుల్లో రెండు రకాలు కనిపిస్తాయి: పొడవాటి షాఫ్టు ఉన్న చిన్న డీజిల్ ఇంజన్లు, పెట్రోలు లేదా కిరోసిన్‌తో నడిచే ఔట్‌బోర్డులు. డీజిల్ ఇంజన్ల మెకానిక్ ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు కాబట్టి వాటి గురించి క్లుప్తంగానే చెబుతాను. స్టార్ట్ చేసి బరువు మీద నడిపించినప్పుడు నీలిపొగ ఆగకుండా వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోందని, నల్లపొగ వస్తే ఇంధనం సరిగా కాలడం లేదని లేదా మోయలేని బరువు పడుతోందని, వేడెక్కిన తర్వాత కూడా తెల్లపొగ తగ్గకపోతే నీరు గాని కాలని ఇంధనం గాని బయటికి వస్తోందని అర్థం. ఆయిల్ మూత తీసి చూస్తే లోపలి నుంచి గాలి బుసకొడుతూ వస్తున్నా, ఆయిల్ బూడిదరంగు మీగడలా ఉన్నా తదుపరి ఖర్చు పెద్దదే. షాఫ్టు వంకరగా ఉంటే చేత్తో తిప్పినప్పుడే చివర ఊగుతుంది.

ఔట్‌బోర్డు దగ్గర మొదటి పని, మాట కలపకముందే దాని తల మీద చెయ్యి వేసి చూడటం. వెచ్చగా ఉందంటే మీరు రాకముందే ఒకసారి స్టార్ట్ చేశారు. చల్లగా ఉన్న ఇంజన్ ఎన్ని లాగుళ్ళకు అందుకుంటుందన్నది దాని ఆరోగ్యానికి నిజమైన కొలత. ముందే వేడిచేసి ఉంచిన ఇంజన్ ఎవరి చేతిలోనైనా ఒకే లాగుకు అందుకుంటుంది. కుదిరితే మర్నాడు ఉదయం మళ్ళీ వస్తామని చెప్పి రావాలి.

ఆ తర్వాత కవరు తీసి, ఉప్పు ఎక్కడ పేరుకుందో చూడాలి. సముద్రంలో నడిపిన ఇంజన్‌ను ప్రతి సారీ మంచినీటితో కడగాలి. లేకపోతే చల్లబరిచే నీటిదారుల్లో ఉప్పు గట్టిపడి ఇంజన్ వేడెక్కుతుంది. కడిగే అలవాటు ఉందో లేదో థర్మోస్టాట్ మూత బోల్టులే చెబుతాయి, వాటి చుట్టూ తెల్లని ఉప్పు పొంగి ఉంటే లేదన్నమాట. స్టార్ట్ చేయగానే పక్కనుంచి సన్నని నీటిధార గట్టిగా, తెగకుండా రావాలి. ధార బలహీనంగా ఉంటే లోపల నీటిని తోడే రబ్బరు చక్రం, అంటే ఇంపెల్లర్, అరిగి ఉండవచ్చు. అది చవక భాగమే, మార్చేస్తే సరిపోతుంది. కానీ అరిగిన ఇంపెల్లర్‌తో ఎంతకాలం నడిపారు, ఆ వేడికి సిలిండర్ ఏమైంది అన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు సిలిండర్‌లోని ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ పరీక్షలో దొరుకుతుంది. స్పార్క్ ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌కూ గేజీ పెట్టి చూసినప్పుడు, వచ్చే అంకె ఎంత అన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ఎంత అన్నదే ముఖ్యం. పది శాతానికి మించి తేడా ఉంటే ఆ ఇంజన్ విప్పవలసిందే.

కింది గేరు పెట్టెను మరవకూడదు. ప్రొపెల్లర్ వెనుక షాఫ్టుకు చుట్టుకున్న నైలాన్ దారం, వల ముక్క నెమ్మదిగా సీలును కోసేస్తాయి, అక్కడి నుంచి నీరు గేరు ఆయిల్‌లోకి దిగుతుంది. కింది ప్లగ్గును కాస్త వదులు చేసి, మొదట వచ్చే చుక్కలను తెల్లకాగితం మీద పట్టండి. నీరు ఆయిల్ కంటే బరువు కాబట్టి, ఉంటే అదే ముందు కారుతుంది. పాలటీ రంగులో ఉంటే నీరు కలిసింది; కాగితాన్ని ఎండలో వంచితే తళుక్కుమనే సన్నని లోహపు పొడి కనిపిస్తే గేరు పళ్ళు అరుగుతున్నాయి. సరికొత్త ఆయిల్ కనబడితే అమ్మే ముందు మార్చారని అర్థం, అందులో దోషమేమీ లేదు గాని, నీటిలో నడిపి చూసిన తర్వాత మళ్ళీ ఇదే పరీక్ష చేయాలి.

ఇంజన్ కాలికి బిగించిన బూడిదరంగు లోహపు ముక్క, అంటే ఆనోడ్, ఉప్పునీటిలో తాను కరిగిపోతూ ఇంజన్ అల్యూమినియాన్ని కాపాడుతుంది. సగం కరిగిన ఆనోడ్ దాని పని అది చేసినట్లు. పూర్తిగా కరిగిపోయి ఉంటే నిర్లక్ష్యం చేశారు. ఏళ్ళు వాడినా అసలు కరగలేదంటే దానికి రంగు పూసి ఉంటారు లేదా లోహానికి లోహం తగలడం లేదు. రెండు సందర్భాల్లోనూ ఆనోడ్‌కు బదులు ఇంజన్ కాలే కరుగుతూ వచ్చి ఉంటుంది. ఇంజన్ ఎత్తు కూడా చూడాలి. ప్రొపెల్లర్ పైన ఉండే అడ్డపలక బోటు అడుగుకు సమానంగా గాని కాస్త కిందగా గాని ఉండాలి. ఔట్‌బోర్డులు 15 అంగుళాల పొట్టి షాఫ్టు, 20 అంగుళాల పొడుగు షాఫ్టు అని ప్రధానంగా రెండు కొలతల్లో వస్తాయి. వేరే బోటు నుంచి తెచ్చి బిగించిన ఇంజన్ అయితే ఇక్కడే బయటపడుతుంది.

పెట్రోలు ఇంజన్లకు ఈమధ్య తోడైన చిక్కు ఇథనాల్. మన బంకుల్లో దొరికే పెట్రోలులో ఇథనాల్ ఇప్పుడు 20 శాతానికి చేరింది. ఔట్‌బోర్డు తయారీదారుల మాన్యువళ్ళలో చాలావరకు 10 శాతమే గరిష్ఠమని చెబుతాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నీరు ఒక హద్దు దాటగానే పెట్రోలు నుంచి విడిపోయి నీటితో కలిసి ట్యాంకు అడుగుకు చేరుతుంది. ఇంజన్‌కు ఇంధనం తీసుకునే గొట్టం కూడా అడుగునే ఉంటుంది. రోజూ నడిచే బోటులో ఇంధనం నిలవ ఉండదు గనుక ఈ బాధ తక్కువ. రెండు నెలలు ఒడ్డున ఉన్న బోటులో ఎక్కువ. ట్యాంకు అడుగు నుంచి కొంత పెట్రోలును గాజుసీసాలోకి తీసి కాసేపు కదపకుండా ఉంచితే, వేరుపడిన పొర గీత గీసినట్లు కనబడుతుంది. పాత రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కు మెత్తబడి జిగురవుతాయి లేదా బిరుసెక్కి పగులుతాయి. వాటినెలాగూ మార్చాలి అనుకుని, ఆ ఖర్చును ముందే లెక్కలో వేసుకోవడం మేలు.

వైరింగు విషయంలో ఒక్క మాట చాలు. తీగ చివర ఒక అంగుళం తొక్క తీసి చూడండి. రాగి నల్లబడి గాని పచ్చని చిలుము పట్టి గాని ఉంటే ఉప్పునీరు లోపలికి పాకిందని అర్థం, అతుకులు వేయకుండా కొత్త తీగ లాగించుకోవాలి.

నీటిలో

ఒడ్డున ఎన్ని చూసినా, బోటును నీటిలో నడిపి చూడకుండా పూర్తి డబ్బు ఇవ్వకూడదు. నిషేధకాలంలో బేరం కుదిరితే అడ్వాన్సు ఇచ్చి, నిషేధం ముగిసి మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటి నడిపి చూసిన తర్వాతే మిగతాది ఇస్తామని కాగితం మీద రాసుకోవాలి. నడిపేటప్పుడు ఖాళీ బోటుతో కాకుండా, మీరు మోయబోయే వలలు, ఐసు, మనుషుల బరువుకు సమానంగా ఇసుక బస్తాలు వేయాలి. ఇంజన్‌ను పూర్తి వేగానికి తెచ్చినప్పుడు ప్లేటు మీద గాని మాన్యువల్‌లో గాని రాసిన ఆర్‌పీఎం హద్దులో తిరగాలి. అంతవరకు చేరకపోతే ప్రొపెల్లర్ ఆ బోటుకు సరిపోనిది కావచ్చు, ఇంజన్ శక్తి తగ్గి ఉండవచ్చు, లేదా పైన చెప్పుకున్నట్లు బోటు నీరు తాగి బరువెక్కి ఉండవచ్చు. వేగం పెంచగానే ఇంజన్ మోత పెరిగి బోటు మాత్రం పుంజుకోకపోతే ప్రొపెల్లర్ మధ్యలోని రబ్బరు బుష్ జారుతోంది. ముందుకు, వెనక్కి గేరు మార్చడం, నెమ్మది మీద పది నిమిషాలు ఆగకుండా తిరగడం కూడా చూడాలి. ఒడ్డుకు వచ్చాక బోటు అడుగున చేరిన నీరు ఎంత, ఎక్కడి నుంచి అని వెతకాలి. కెరటాల తుంపర వల్ల వచ్చిన నీరు ముందువైపు, పలక గాని బోల్టులు గాని కారినందువల్ల వచ్చిన నీరు వెనుకవైపు తడి జాడ వదులుతాయి.

కాగితాలు

ఇక్కడ చాలామంది రెండు వేర్వేరు విషయాలను ఒకటిగా భావిస్తారు. బోటు రిజిస్ట్రేషన్ వేరు, దానితో వేట చేయడానికి ఇచ్చే లైసెన్సు వేరు. చేపల బోట్ల రిజిస్ట్రేషన్ దేశమంతటికీ ఉమ్మడిగా ఉన్న రియల్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో నమోదవుతుంది. బోటు పక్కన ఐఎన్‌డీ, ఏపీ అనే అక్షరాలతో మొదలయ్యే నంబరు అదే. వేట లైసెన్సు మాత్రం 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య నియంత్రణ చట్టం కింద మత్స్యశాఖ ఇస్తుంది. రెండూ చేతులు మారాలి. కేవలం స్టాంపు కాగితం మీద రాసుకుని, పాత యజమాని పేరుతోనే బోటు నడుపుకునే అలవాటు తీరమంతటా ఉంది, కానీ నిషేధకాలపు భృతి, డీజిల్ రాయితీ వంటివన్నీ రిజిస్టరైన బోటును, అందులోని పేరును చూసి వచ్చేవే కాబట్టి కొన్నవారే నష్టపోతారు. ప్రమాదం జరిగినా, గస్తీవారు ఆపి కాగితాలు అడిగినా ఇదే ఇబ్బంది ఎదురవుతుంది.

ధ్రువపత్రంలోని పొడవు, వెడల్పులను టేపుతో బోటు మీద కొలిచి పోల్చాలి. పాత బోటు పాడైపోతే దాని నంబరును మరో బోటుకు రాసుకోవడం వినని విషయం కాదు. ఇంజన్ నంబరును కూడా పత్రంతో సరిపోల్చాలి. ఔట్‌బోర్డు నంబరు ప్లేటు సాధారణంగా పలకకు బిగించే బ్రాకెట్ మీద ఉంటుంది. అది ఊడిపోయి, గీకివేసి లేదా దాని మీద రంగు పూసి ఉంటే దొంగిలించిన ఇంజన్ కాదని నిరూపించవలసిన బాధ్యత అమ్మేవారిది. బ్యాంకు అప్పు తీరిందా, సబ్సిడీ పథకం కింద వచ్చిన బోటు అయితే దాన్ని అమ్మడానికి షరతులేమైనా ఉన్నాయా అన్నది రాతపూర్వకంగా తీసుకోవాలి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ఇస్రో సాంకేతికతతో తయారైన ట్రాన్స్‌పాండర్లను, అంటే ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాలను, బోట్లకు బిగిస్తున్నారు. ఈ బోటుకు అది ఉంటే, ఎవరి పేరున నమోదై ఉందో చూసి మార్పించుకోవాలి. ఆపదలో అది సందేశం పంపినప్పుడు బోటు ఎవరిదో చెప్పేది ఆ నమోదే. సముద్రానికి కాకుండా గోదావరి మీదనో, ఏ జలాశయంలోనో నడపడానికి కొంటున్నవారికి ఈ పత్రాలు సరిపోవు. అక్కడ 2021 నాటి అంతర్గత నౌకల చట్టం వర్తిస్తుంది కాబట్టి, కొనకముందే ఆ చట్టాన్ని అమలు చేసే కార్యాలయంలో విచారించాలి.

వ్యాసంలో కాగితాల సంగతి చివర వచ్చినా, ఆచరణలో దీన్నే మొదట పూర్తి చేయాలి. రిజిస్ట్రేషన్ నంబరు, ఇంజన్ నంబరు ప్లేటు ఫొటోలు ముందే తెప్పించుకుని, స్థానిక మత్స్యశాఖ కార్యాలయంలో సరిచూసుకున్న తర్వాతే నాణెం, సుద్దముక్క, తెల్లకాగితం, గాజుసీసా, కొలత టేపు సంచిలో వేసుకుని, చేయి తిరిగిన ఫైబర్ మేస్త్రినో మెకానిక్‌నో వెంటబెట్టుకుని బయల్దేరడం మంచిది. ఆ మేస్త్రిని అమ్మేవారు సూచించిన ఊరి నుంచి కాకుండా వేరే రేవు నుంచి తీసుకువెళ్ళాలి, అతని కూలీని బేరం కుదిరినా కుదరకపోయినా ఇస్తామని ముందే చెప్పాలి.